సగం దగ్గర ఆగిపోయిన ముల్లు

గ్యాస్ సిలిండర్‌లో ఇంకా ఎంత మిగిలిందో మీరెలా చూస్తారు? మా అమ్మయితే తడిగుడ్డతో సిలిండర్ చుట్టూ పైనుంచి కిందదాకా ఒకసారి తుడిచేది. రెండు నిమిషాలాగి చూస్తే పైభాగం ఆరిపోయి ఉండేది, లోపల గ్యాస్ ద్రవంగా ఉన్నంత మేర మాత్రం తడి ఇంకా నిలిచి ఉండేది. ఆ గీత దగ్గర వేలు పెట్టి, "ఇంకో పది రోజులొస్తుంది" అని చెప్పేది. చెప్పినట్టే వచ్చేది కూడా.

బియ్యం డబ్బా సంగతీ అంతే. మేడమీద నీళ్ళ ట్యాంకు సంగతీ అంతే. అడుగు దాకా చెయ్యి పెట్టి చూస్తాం, పక్కనుంచి తట్టి చూస్తాం. మన వంటింటి లెక్కలకి ముళ్ళూ మీటర్లూ ఉండవు. అందుకే కాబోలు, మీటరు చెప్పే మాటని దేవుడి మాటలా నమ్మే అలవాటు మనకి తక్కువ.

ఈసారి మా ఇంట్లో పాత కారు పెట్రోలు ముల్లు గురించి రాస్తున్నాను. "ఈవిడకి కార్ల గొడవెందుకు, తెలుగు బి.ఏ. చదివి?" అని నవ్వుకోకండి. ఇది కారు గొడవే కాదు. ఆ ముల్లు చేసిన పనికి మా మామగారు తన జ్ఞాపకశక్తి మీద తనే నమ్మకం పోగొట్టుకోబోయారు.

ముందు మా మామగారి గురించి చెప్పాలి. ఆయన సహకార బ్యాంకులో క్యాషియర్‌గా పనిచేసి 2007లో రిటైరయ్యారు. 30 ఏళ్ళకి పైగా రోజూ సాయంత్రం లెక్క సరిపోయాకే ఇంటికొచ్చిన మనిషి. ఒకసారి 10 రూపాయలు తేడా వస్తే రాత్రి తొమ్మిదింటిదాకా కూచుని పట్టుకున్నారని మా అత్తగారు ఇప్పటికీ కథలా చెబుతారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత పెట్టి చిన్న కారు కొన్నారు. 2022లో దానికి 15 ఏళ్ళు నిండితే, అమ్మేద్దామని పిల్లలంటున్నా వినకుండా ఫిట్‌నెస్ చేయించి, రిజిస్ట్రేషన్ ఇంకో అయిదేళ్ళకి పొడిగించుకున్నారు. తెనాలిలో మా ఇంటి ముందు వేపచెట్టు కింద, తెల్లగుడ్డ కప్పుకుని ఉంటుంది. గుంటూరులో కంటి డాక్టరు దగ్గరికి అత్తయ్యని తీసుకెళ్ళాలన్నా, పెళ్ళిళ్ళకి వెళ్ళాలన్నా అదే మాకు దిక్కు.

2023 వేసవి చివర్లో ఆయన ఒక్కరే గుంటూరు వెళ్ళి వస్తుంటే నారాకోడూరు దాటాక కారు ఆగిపోయింది. మావారు బండి మీద వెళ్ళి చూస్తే పెట్రోలు లేదు. తాళం తిప్పితే ముల్లు అడుగున పడుకుని ఉంది. "చూసుకోకుండా బయల్దేరారా నాన్నా?" అన్నారు మావారు. "చూశానురా. సగం దగ్గర ఉంది" అన్నారాయన. ఎదురుగా ముల్లు ఖాళీ చూపిస్తుంటే ఆ మాట ఎవరు వింటారు?

నెల తిరక్కుండా మళ్ళీ అదే జరిగింది. ఈసారి పక్కన మా అత్తగారున్నారు. కంటికి చుక్కలు వేయించుకుని సాయంత్రం తిరిగొస్తున్నారు. సంగం జాగర్లమూడి దాటాక కారు రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. చీకటి పడుతోంది. వెనకనుంచి లారీలు. అత్తయ్యకి షుగరు, పైగా చుక్కలు వేసిన కళ్ళకి హెడ్‌లైట్లు తప్ప ఏమీ కనబడటం లేదు. పొలాల నుంచి వస్తున్న ఇద్దరు కూలీలు కారుని తారురోడ్డు మీంచి పక్క మట్టిలోకి తోశారు. మోటారు సైకిలు మీద పోతున్న కుర్రాడెవరో ఆగి, డబ్బాతో పెట్రోలు తెచ్చి పోశాడు. ఇంటికి చేరేసరికి ఎనిమిదిన్నర. అత్తయ్య చేతులు వణుకుతున్నాయి. అన్నం కలిపి నేనే తినిపించాను.

ఆ రాత్రి ఫోనులో కుటుంబ సభ జరిగింది. హైదరాబాదు నుంచి మా మరిది, విశాఖ నుంచి మా ఆడపడుచు, ఇక్కణ్ణించి మావారు. ముగ్గురిదీ ఒకటే మాట. నాన్నకి మతిమరుపు మొదలైంది. ఇంక కారు ముట్టుకోనివ్వకూడదు, అమ్మేయాలి. మా మరిది అయితే, "వదినా, తాళాలు నీ దగ్గర పెట్టెయ్. ఆయనకి ఇవ్వకు" అన్నాడు. వాళ్ళకి తండ్రి మీద కోపం కాదండీ, భయం. అమ్మ ఆ రోడ్డు మీద చీకట్లో కూచుందన్న భయం. ఆ భయాన్ని నేను తప్పుపట్టను.

కానీ పక్కగదిలో ఆయన మెలకువగానే ఉన్నారు. అంతా విన్నారు.

తెల్లారి నుంచి ఇంట్లో చీటీలు కనబడటం మొదలైంది. పాత క్యాలెండరు కాగితాల్ని ముక్కలుగా కోసి, బ్యాంకులో రాసినట్టే గుండ్రటి అక్షరాలతో. "గేటు తాళం వేశాను." "ఉదయం బి.పి. మాత్ర వేసుకున్నాను." "పాలవాడికి 640 ఇచ్చాను." గేటు వేసి వచ్చి, చీటీ చూసుకుని, మళ్ళీ వెళ్ళి గేటు లాగి చూసేవారు. ఒక మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "అమ్మాయ్, నేను నిజంగానే ముల్లు చూశాననుకుంటున్నాను. చూడకుండానే చూశాననుకుంటున్నానో ఏమో. నాకేమన్నా అవుతోందంటావా?" అని అడిగారు.

కాదు లెండి, మీకేం కాలేదు అనేస్తే అది ఓదార్పు అవుతుంది తప్ప జవాబు కాదు. అందుకని, "మామయ్యగారూ, రెండూ పరీక్ష చేయిద్దాం. మీరూ డాక్టరుకి చూపించుకోండి, కారునీ చూపిద్దాం. ముందు కారు" అన్నాను. ఆయన మొహంలో చిన్న కదలిక వచ్చింది. లెక్క తేల్చుకోవడమంటే ఆయనకి ప్రాణం.

పెట్రోలు అనుకోకుండా అయిపోవడానికి కారణాలు ఎన్ని ఉంటాయో ఇద్దరం కాగితం మీద రాశాం. బంకులో తక్కువ పోసి ఉండచ్చు. ఎక్కడన్నా కారుతూ ఉండచ్చు. రాత్రిపూట ఎవరన్నా తీస్తూ ఉండచ్చు. ఇంజను ఎక్కువ తాగుతూ ఉండచ్చు. ముల్లు అబద్ధం చెబుతూ ఉండచ్చు. చివర ఆయనే తన చేత్తో "నేను చూడకపోయి ఉండచ్చు" అని రాశారు. కొట్టేయబోతే కొట్టేయనివ్వలేదు.

ఒక్కొక్కటీ తీసేసుకుంటూ వచ్చాం. పెట్రోలు బంకుల్లో ముద్రవేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉంటుంది. అనుమానం వస్తే కొలిచి చూపించమని అడిగే హక్కు మనకుంది. అడగడానికి మొహమాటపడాల్సిన పనేం లేదు, నేనడిగాను. కొలత సరిగ్గా ఉంది. రాత్రి కారు కింద పాత అట్టపెట్టె విప్పి పరిచాను. నాలుగు రాత్రులు చూసినా ఒక్క చుక్క మరక లేదు, వాసనా లేదు. పెట్రోలు మూతకి తాళం ఉంది, అది గీతలు పడకుండా చక్కగానే ఉంది. ఇంక మిగిలినవి మూడు.

వాటికి ఒకటే పరీక్ష. ట్యాంకు నిండుగా, గొట్టం తనంతట తనే ఆగేదాకా కొట్టించి, కిలోమీటర్ల మీటరు సున్నాకి తిప్పాం. మా కారు ట్యాంకు 35 లీటర్లని కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంది. రోజూ పొద్దున్నే, కారు మా ఇంటి ముందు సమానంగా నిలబడి ఉన్నప్పుడు, తాళం తిప్పి ఒక నిమిషం ఆగి ముల్లెక్కడుందో రాయాలి. వాలులో చూస్తే లోపల పెట్రోలు ఒక పక్కకి చేరి లెక్క తప్పుతుంది. నిమిషం ఎందుకాగాలంటే, ఇలాంటి పాత కార్లలో ముల్లు నెమ్మదిగా లేస్తుంది. మలుపుల్లో పెట్రోలు అటూ ఇటూ ఊగినప్పుడల్లా ముల్లు కూడా గంతులెయ్యకుండా అలా చేస్తారట.

బొమ్మ గీయడానికి నాకో నోటుబుక్కు, రాయడానికి ఆయనకో నోటుబుక్కు. ఇద్దరం విడివిడిగా చూసి, విడివిడిగా రాసుకునేవాళ్ళం, ఒకరిది ఒకరు చూడకుండా. ఆయనకి కావలసింది అదే. తన కళ్ళు చూసిందీ, ఇంకొకళ్ళ కళ్ళు చూసిందీ ఒకటేనా అన్నది. కారు ఎక్కువగా నేనే నడిపాను, ఆయన పక్కన కూచున్నారు. బజారు, పిల్లాడి కోచింగు, గుడి, ఒకసారి గుంటూరు.

130 కిలోమీటర్లకి ముల్లు ముప్పావు దగ్గర. 260కి సగం. ఇంతవరకూ పెద్దమనిషి తరహాలోనే ఉంది. 290కి సగం. 330కి సగం. 360కి సగం. ఇద్దరి పుస్తకాల్లోనూ సగం, సగం, సగం. 392 దగ్గర నేనింక సాహసం చెయ్యలేదు, బంకుకి తీసుకెళ్ళి మళ్ళీ నిండుగా కొట్టించాను. 26 లీటర్లు పట్టింది.

మీరూ లెక్క వేయండి. 35 లీటర్ల ట్యాంకులో 26 పట్టిందంటే మిగిలి ఉన్నది 9. అంటే పావు ట్యాంకు. ముల్లు మాత్రం సగం అంటోంది. 26 లీటర్లకి 392 కిలోమీటర్లంటే లీటరుకి 15 వచ్చినట్టు, ఆ వయసు కారుకి అది తక్కువేం కాదు. ఇంజను తాగేయడం అన్న అనుమానం కూడా పోయింది. బంకు మెట్ల మీదే ఆయన నోటుబుక్కు తీసి ఆ 9 కింద రెండు గీతలు గీశారు.

అయినా ఒక ముడి మిగిలిపోయింది. ముల్లు సగం దగ్గర ఇరుక్కుపోతే, కారు ఆగినప్పుడు అందరికీ ఖాళీ ఎలా చూపించింది? ఆయన మాట నమ్మకపోవడానికి అసలు కారణం అదే కదా. దానికి జవాబు రెండో విడతలో దొరికింది. 372 కిలోమీటర్లు తిరిగాక, మళ్ళీ సగం దగ్గర భీష్మించుకుని ఉన్న ముల్లు, రైలుగేటు దగ్గర ఒక గోతిలో చక్రం దడాలున పడగానే మెల్లిగా జారడం మొదలుపెట్టింది. అర నిమిషంలో పావు దగ్గరికొచ్చి ఆగింది. మా ఇద్దరి కళ్ళముందే. "ఆపు, ఆపు అమ్మాయ్" అన్నారు. పక్కకి తీసి ఆపాను. ఆయన చాలాసేపు ముల్లు వంకే చూశారు. "ఆ రోజు మట్టిలోకి తోశారు కదా. అప్పుడు పడిపోయి ఉంటుంది" అన్నారు మెల్లిగా.

నున్నటి రోడ్డు మీద సగం దగ్గర ఇరుక్కునే ఉంటుంది. ఆగిపోయాక కారుని పక్కకి తోసినప్పుడు కుదుపుకి కిందికి పడుతుంది. తర్వాత వచ్చి చూసినవాళ్ళకి ఖాళీయే కనబడుతుంది. రెండుసార్లూ ఆయన చూసిందీ నిజమే, మావారు చూసిందీ నిజమే.

రోగం ఉందని తేలింది. ఎక్కడ ఉందో తేలాలి. మొదట వెళ్ళిన షెడ్డులో కుర్రాడు మూత కూడా తియ్యకుండా, "మీటరు బోర్డు మొత్తం మార్చాలి మేడం, పదివేలు దాటుద్ది" అన్నాడు. ఏ పరీక్షా చెయ్యకుండా మీటరేనని ఎలా తెలిసిందని అడిగితే, "పాత కారు కదండీ" అన్నాడు. పాతది కావడం ఒక రోగం కాదు. నమస్కారం పెట్టి వచ్చేశాం.

లారీ స్టాండు దగ్గర కార్లకి కరెంటు పని చేసే ఒక పెద్ద మేస్త్రీ ఉన్నారు. ఆయన మా రెండు నోటుబుక్కులూ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. చదివి, "సగం పని మీరే చేసుకొచ్చారు కదమ్మా" అన్నారు. తర్వాత ఆయన చెప్పింది, చేసింది మీకూ చెబుతాను. మీ ఇంట్లో పాత కారుంటే పనికొస్తుంది.

మన టాయిలెట్ ఫ్లష్ ట్యాంకులో తేలే బంతి ఉంటుంది చూడండి, నీళ్ళతోపాటు పైకి లేస్తుంది, నీళ్ళు తగ్గితే దిగుతుంది. కారు ట్యాంకులోనూ అలాంటి తేలే ముక్కే ఒకటుంటుంది, దాన్ని ఫ్లోటు అంటారు. దానికి సన్నటి తీగ చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి రెండో కొస ఒక చిన్న పలక మీద రాసుకుంటూ జరుగుతుంది. పలక మీద ఎక్కడ ఆనితే కరెంటుకి అంత అడ్డు. పాత రేడియోలో సౌండు తిప్పే మర ఉండేది చూడండి, అదే పద్ధతి. మా కారులో ట్యాంకు నిండుగా ఉంటే అడ్డు తక్కువ, ఖాళీ అయితే ఎక్కువ. కొన్ని కార్లలో ఇది తలకిందులుగా ఉంటుందట. ఆ అడ్డుని బట్టి ముందు మీటర్లో ముల్లు లేస్తుంది. అంటే తప్పు మూడు చోట్ల ఉండచ్చు: ట్యాంకులోని ఫ్లోటు, మధ్యలోని వైరు, ముందున్న మీటరు.

మేస్త్రీ ముందు అడిగిన ప్రశ్న పెట్రోలు గురించి కాదు. "వేడి చూపించే ముల్లు సరిగ్గా ఉందామ్మా?" అని. ఉందన్నాను. రెండు ముళ్ళూ ఒకేసారి పిచ్చిగా చేస్తే మీటరుకి వచ్చే కరెంటునో, ఎర్తునో అనుమానించాలట. ఒక్కటే చేస్తుంటే దాని దారి అది వెతుక్కోవాలి. ఫ్యూజు చూశారు, బాగానే ఉంది.

తర్వాత వెనక సీటు ఎత్తారు. కింద ఒక రేకు మూత, దాని కింద వైర్ల సాకెట్టు. సాకెట్టు ఊడదీసి తాళం తిప్పమన్నారు. తిప్పితే ముల్లు ఖాళీకి పడిపోయింది. తర్వాత మీటరుకెళ్ళే వైరుని ఒక చిన్న బల్బు ద్వారా కారు బాడీకి తగిలించారు. ముల్లు సోమరిపోతులా కదిలి, నెమ్మదిగా నిండు వైపు ఎక్కడం మొదలుపెట్టింది. "చూశారా, మీటరు బాగుంది, వైరూ బాగుంది. పదివేలు మిగిలినయ్" అన్నారు. పట్టుమని అయిదు నిమిషాలు కాలేదు.

అంటే తప్పు ట్యాంకులో. ఇక్కడొక మాట. ట్యాంకు తెరవడం ఇంట్లో చేసే పని కాదు. పెట్రోలు కంటే దాని ఆవిరి ప్రమాదం. మేస్త్రీ కారుని ఆరుబయటికి తీయించి, చుట్టుపక్కల బీడీలు ఆర్పించి, బ్యాటరీ తీగ ఊడదీసి, అప్పుడు తెరిచారు. ట్యాంకులో పెట్రోలు తక్కువ ఉన్న రోజే రమ్మనడం కూడా అందుకే.

ఫ్లోటు బయటికొచ్చింది. చూస్తే ఏముంది, అరచేతి పొడవు తీగ, దాని కొసన నల్లటి చిన్న దిమ్మ. మేస్త్రీ దాన్ని పైకెత్తి వదిలారు. దిగుతూ దిగుతూ సరిగ్గా మధ్యలో ఆగిపోయింది. వేలితో తట్టారు. టప్పున కింద పడింది. మళ్ళీ ఎత్తారు, మళ్ళీ మధ్యలో ఆగింది. ఓంలు కొలిచే మీటరు పెట్టి చూపించారు. పైనుంటే 4 దగ్గర, దిగుతుంటే అంకె పెరుగుతూ వచ్చి, 33 దగ్గర నిలిచిపోతోంది. తడితే ఒక్కసారిగా 120 దగ్గరికి పోతోంది. చెయ్యి తిరిగే ఇరుసు దగ్గర బంకలా నల్లటి పొర పట్టింది, తీగ కూడా కాస్త వంగి పక్కకి రాసుకుంటోంది. "కారు ఎప్పుడన్నా చాన్నాళ్ళు కదలకుండా ఉందా?" అని అడిగారు. 2020లో కరోనా అప్పుడు నెలల తరబడి వేపచెట్టు కిందే ఉంది, ట్యాంకులో పాత పెట్రోలుతో. పెట్రోలు అలా నిలవుంటే జిగురు తేలుతుందట. మన దీపం కుందిలో నూనె నిలవుండి బంక కట్టినట్టే.

తుడిచి పెట్టచ్చు గానీ పలక మీద కూడా అరుగుదల గీతలు పడ్డాయి, మళ్ళీ మొరాయిస్తుందన్నారు. పంపుకి తగిలించి ఉండే ఈ ముక్క విడిగానే దొరికింది. ముక్కకి 1,400, కొత్త రబ్బరు వాషరుకి 150, పనికి 600. మొత్తం 2,150 రూపాయలు.

బిగించాక వెంటనే తాళాలిచ్చి పంపెయ్యలేదు ఆయన. బంకుకి వెళ్ళి 5 లీటర్ల చొప్పున పోయించుకుంటూ ప్రతిసారీ ముల్లు చూడమన్నారు. పోసిన కొద్దీ ముల్లు బుద్ధిగా ఎక్కింది. తర్వాతి విడతలో 262 కిలోమీటర్లకి సగం, 390కి పావు. మామగారి పుస్తకంలోనూ అంతే, నా పుస్తకంలోనూ అంతే.

మా షెడ్డులో ఆ పాత ముక్క చేతికిచ్చినప్పుడు మామగారు ఏమీ మాట్లాడలేదు. దాని చెయ్యి పైకెత్తి వదిలారు. మధ్యలో ఆగింది. మళ్ళీ ఎత్తి వదిలారు. ఎన్నిసార్లు చేశారో నేను లెక్కపెట్టలేదు. తర్వాత పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకున్నారు.

దసరాకి మరిదీ, ఆడపడుచూ వచ్చారు. భోజనాలయ్యాక ఆ పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టి, మా మరిది చేతికిచ్చి, "ఎత్తి వదులు" అన్నారు. వాడు వదిలాడు. "ఇప్పుడు తట్టు" అన్నారు. తట్టాడు. ఇంకొక్క మాట కూడా అనలేదాయన. మా అత్తగారే అందుకుని, "ఆ రోజు మీ నాన్న చూశానంటే ఒక్కళ్ళూ వినలేదు కదర్రా" అన్నారు. మా ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది. మరిది లేచి వెళ్ళి తండ్రి పక్కన కూచుని, "గుంటూరు నేను తీసుకెళ్తా నాన్నా రేపు, నువ్వు నడుపు" అన్నాడు. నవ్వొచ్చింది గానీ ఎవరూ నవ్వలేదు.

డాక్టరుకి చూపించడం మానలేదు. మాటిచ్చాం కదా. వయసుకి తగ్గట్టే ఉన్నారు, కంగారు పడాల్సిందేమీ లేదన్నారు. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, పెద్దవాళ్ళు మర్చిపోయిన ప్రతిసారీ తప్పు మీటరుదే అని నేననడం లేదు. నిజంగానే మతిమరుపు మొదలైన వాళ్ళుంటారు, వాళ్ళని ఎంత తొందరగా చూపిస్తే అంత మంచిది. నేను చెప్పేదల్లా, ముసలివాళ్ళ మాటకీ వస్తువు మాటకీ పడనప్పుడు రెండింటినీ పరీక్షించమని. వస్తువుకి 16 ఏళ్ళు, మనిషికి 74. వయసు మీద పడ్డది ఇద్దరికీనూ. మరి అనుమానం ఒక్కరి మీదే ఎందుకు?

చీటీలు ఒక్కసారిగా పోలేదు. గేటు చీటీ దీపావళిదాకా ఉంది. పాలవాడి చీటీ ఇంకా ఉంది, అది మాత్రం అలవాటైపోయిందన్నారు.

ఇంకొకటి కూడా జరిగింది. నవంబరులో ఒకరోజు తాళాల గుత్తి తెచ్చి నా ముందు పెట్టి, "అమ్మాయ్, చీకటి పడ్డాక నేను నడపను. ఎదురు లైట్లకి కళ్ళు తట్టుకోవడం లేదు. పగలు నేను, రాత్రి మీరెవరన్నా" అన్నారు. జూన్‌లో ఆ తాళాలు లాక్కుని ఉంటే ఈ మాట ఆయన నోటినుంచి వచ్చేది కాదని నా నమ్మకం.

కారులో నోటుబుక్కు ఇప్పటికీ ఉంది. ముల్లు ఎంత బుద్ధిగా ఉన్నా, ట్యాంకు నింపాక 350 కిలోమీటర్లు దాటితే బంకుకి వెళ్ళడం మా ఇంటి నియమం. మీ కారు పాతదైతే మీరూ ఒక విడత ఇలా రాసి చూడండి. ట్యాంకు ఎన్ని లీటర్లో పుస్తకంలో చూసుకోండి, నిండుగా కొట్టించి మీటరు సున్నాకి తిప్పండి, రోజూ పొద్దున్న ఒకేచోట ముల్లు చూసి రాయండి. ఖర్చు లేదు, ఒక పెన్సిలు చాలు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇంకో పెన్సిలు వాళ్ళకివ్వండి.